టారో కార్డులు, చిలక చీట్లు: అపోహలు – వాస్తవాలు

కోసిగి, ఆదోని ప్రాంతపు తిరునాళ్లలో చిలక తీసే చీటీకీ, నగరాల్లో బల్లపై పరిచే టారో కార్డుకూ మూలం వేల ఏళ్లనాటి రహస్య విద్యేనన్న నమ్మకం చాలామందిలో ఉంది. చారిత్రక ఆధారాలు మాత్రం ఆ రెండింటినీ వేర్వేరు దారుల్లోనే చూపుతున్నాయి.

టారో ప్రాచీన ఈజిప్టులో పుట్టిందన్నది అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన అపోహ. నిజానికి అది 15వ శతాబ్ది పూర్వార్ధంలో ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. అప్పటికే వాడుకలో ఉన్న నాలుగు జాతుల పేకకు 22 బొమ్మల ముక్కలను చేర్చగా ఏర్పడిన ఆ కట్టలో చివరికి 78 ముక్కలు స్థిరపడ్డాయి. చేర్చిన వాటిలో 21 తురుపులు, అంటే మిగిలిన జాతుల ముక్కలను కొట్టగలిగేవి. ఇరవై రెండవది వెర్రివాడి ముక్క. 1442 నాటికే ఫెరారా ఆస్థానపు ఖర్చు లెక్కల్లో ఈ ముక్కల ప్రస్తావన ఉంది. ఈజిప్టు కథను ప్రచారంలోకి తెచ్చినవాడు ఆంత్వాన్ కూర్ ద జెబెలన్ అనే ఫ్రెంచి పండితుడు. 1781లో వెలువడిన తన గ్రంథ సంపుటంలో ఈ బొమ్మలను ఈజిప్టు పురోహితుల జ్ఞానగ్రంథపు శేషంగా ఆయన వర్ణించాడు. ఈజిప్టు చిత్రలిపిని షాంపోలియన్ ఛేదించింది 1822లో కనుక, ఆ వర్ణనకు ఈజిప్టు రాతల ఆధారమేదీ ఉండే అవకాశమే లేదు. నాలుగు జాతుల పేక 14వ శతాబ్దిలో మమ్లూక్ సుల్తానుల ఈజిప్టు వైపు నుంచి యూరప్‌కు చేరిందన్న మాట వాస్తవమే గాని, అది ఫారోల కాలం కాదు, ఆ ముక్కలు మంత్రవిద్యకు చెందినవీ కావు.

భారతీయ మూలాలున్న రొమానీ సంచారులు టారోను యూరప్‌కు తీసుకువెళ్లారన్న వాదం కూడా నిలవదు. పశ్చిమ యూరప్‌లో వారి రాక నమోదయ్యేనాటికే అక్కడ పేక వ్యాపించి ఉంది. దశావతారాల బొమ్మలతో 120 గుండ్రటి ముక్కలుండే రకం కూడా ఉన్న గంజీఫా అనే పేకను టారోకు తల్లిగా భావించడమూ పొరపాటే. బాబరు 1527లో సింధు పాలకుడికి గంజీఫా పంపినట్లు తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. అప్పటికి ఇటలీలో టారో ఆడడం మొదలై ఎనభై ఏళ్లు దాటింది. నిర్మల్ చిత్రకారుల చేతిలో ఎంతో అందంగా రూపుదిద్దుకున్న గంజీఫా ప్రధానంగా ఆట వస్తువే తప్ప జోస్య సాధనం కాదు.

టారోకు ఆధ్యాత్మిక అర్థం ఆదినుంచీ ఉందనడం సరికాదు గాని, అసలు లేనే లేదనడమూ న్యాయం కాదు. జెబెలన్ తర్వాత ఎతేయా అనే పారిస్ వాసి ముక్కలతో జోస్యం చెప్పే పద్ధతిని గ్రంథస్థం చేయగా, 19వ శతాబ్దిలో ఎలిఫాస్ లెవీ 22 బొమ్మలను 22 హీబ్రూ అక్షరాలకు జతచేశాడు. నేడు ఎక్కువగా కనిపించే బొమ్మలు 1909లో ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ సూచనలతో పమేలా కోల్మన్ స్మిత్ గీసినవి. ఆ కట్ట చిరకాలం ప్రచురణకర్త పేరుతో, వెయిట్ పేరుతో చలామణీ కావడం ఆ చిత్రకారిణికి జరిగిన అన్యాయం. మృత్యువు బొమ్మ వస్తే చావు తప్పదన్న భయమూ సరికాదు. ఒక దశ ముగిసి మరొకటి మొదలవడమే నేడు దానికి సాధారణంగా ఇచ్చే అర్థం.

రాయలసీమ సంప్రదాయాలకు ఈ చరిత్రతో సంబంధం లేదు. చిలక జోస్యంలో దేవతల బొమ్మల చీటీని పక్షి తీస్తే జోస్యుడు ఫలం చెబుతాడు. శ్రీనివాసుడు ఆకాశరాజు అంతఃపురానికి సోది చెప్పే ఎరుకలసాని వేషంలో వెళ్లిన కథలోనైతే చీట్లే లేవు. దేవరగట్టులో బన్ని ఉత్సవం తర్వాత వినిపించే భవిష్యవాణిలో పత్తి, జొన్న ధరల మాట వస్తుంది. వాన తప్పితే వలస పోవలసిన నేలలో ఆ ప్రశ్న ఎంత సహజమో వేరే చెప్పనక్కరలేదు.

జోస్యం తమకే సరిపోయిందనిపించడం దాని సత్యానికి రుజువు కాదు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త 39 మంది విద్యార్థులకు, ఎవరిది వారికే ప్రత్యేకమని చెప్పి, ఒకే స్వభావ వర్ణనను ఇవ్వగా వారు దాని ఖచ్చితత్వానికి 5కు సగటున 4.26 మార్కులు వేశారు. అందరికీ వర్తించే మాటలో ఎవరి బాధను వారు చూసుకోవడం టారో బల్ల ముందూ, చిలక పంజరం ముందూ ఒకే తీరుగా జరుగుతుంది. అయితే ఆ పంజరంలోని రామచిలుకకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది కనుక, దాన్ని బంధించి ఉంచడం నేరం.