షుగర్ ఒక్కటే చూస్తే చాలదు



షుగర్ ఉన్నవాళ్లు లిపిడ్ ప్రొఫైల్‌లో ట్రైగ్లిజరైడ్స్ అంకె కూడా చూడండి. అది 150 లోపు ఉండాలి. రక్తంలోని కొవ్వును విడగొట్టే ఎంజైము సరిగా పనిచేయడానికి ఇన్సులిన్ కావాలి. షుగర్ అదుపు తప్పితే ఆ పని కుంటుపడి, కొవ్వు రక్తంలోనే పేరుకుంటుంది.

"నూనె తగ్గించాం కదా" అంటారు కొందరు. తీపి, ఎక్కువ అన్నం, మద్యం కూడా దీన్ని పెంచుతాయి. పిల్లల బాక్సులో మిగిలిన స్వీటు చివరికి మన నోట్లోకే పోతుంది మరి!

1000 దాటితే ల్యాబ్ ట్యూబులో సీరం పాలలా కనిపించొచ్చు. క్లోమం, అంటే ప్యాంక్రియాస్ వాచే ప్రమాదం బాగా పెరుగుతుంది. పైకడుపులో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోకండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ వంటి పెద్దాసుపత్రికి వెంటనే వెళ్లండి.