మహావీరాచార్యుడి అంకెల హారం

27994681ని 441తో గుణించాలి. ఈ రెండు సంఖ్యల్లోనూ చూడముచ్చటైనది ఏమీ లేదు. లెక్క తప్పకుండా చేస్తే మాత్రం 12345654321 వస్తుంది. ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కి, మళ్లీ ఒకటి దాకా దిగే ఈ సంఖ్యను ఎటు నుంచి చదివినా ఒకటే.

క్రీ.శ. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో ఇచ్చిన లెక్క ఇది. ఆయన రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుడి కాలపు జైన గణితవేత్త. గుణకారం నేర్పే చోట ఇలాంటివే మరికొన్ని ఇచ్చి, వాటి జవాబులను మెడలో వేసుకునే హారాలన్నాడు. తర్వాత పావులూరి మల్లన ఈ గ్రంథాన్నే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయనను రాజరాజ నరేంద్రుడి కాలపువాడిగా చెబుతారు.

ఈ హారం కిటుకు తెలియాలంటే ఆ రెండు సంఖ్యలనూ విప్పి చూడాలి. 441 అంటే 21 వర్గం. 27994681 అంటే 5291 వర్గం. 21ని 5291తో గుణిస్తే 111111. అంటే మన జవాబు 111111 వర్గమే! చేత్తో గుణించి చూడండి. ఆరు వరుసలు, ప్రతి వరుసలోనూ ఆరు ఒకట్లు, ఒక్కో వరుసా ఒక్కో స్థానం ఎడమకు జరుగుతుంది. నిలువుగా కూడితే అంచున ఒకటి, పక్కన రెండు, నడుమ ఆరు. ఎక్కడా తొమ్మిది దాటదు కాబట్టి చేతిలో ఏమీ మిగలదు, సౌష్ఠవం చెదరదు.

తొమ్మిది ఒకట్ల దాకా ఇది సాగుతుంది. 111111111 వర్గం 12345678987654321. దాని అంకెల మొత్తం 81, ఆ 81తో ఆ సంఖ్య నిశ్శేషంగా భాగింపబడుతుంది కూడా. పదో ఒకటి చేరగానే నడిమి నిలువులో పది పడుతుంది, ఒకటి పక్కకు పోతుంది, జవాబు 1234567900987654321 అవుతుంది. వెనక నుంచి చదివితే ఇక అదే సంఖ్య రాదు.

మహావీరుడు ఆరు ఒకట్లను నేరుగా ఇవ్వకుండా 21, 5291ల వర్గాల వెనక దాచడంలో గొప్ప బోధన ఉందని నా నమ్మకం. విద్యార్థి ఒక్క అంకె తప్పినా హారం తెగుతుంది. సరిచూడటానికి గురువు పక్కన ఉండనక్కర్లేదు, జవాబే చెబుతుంది.

ఎటు నుంచి చదివినా ఒకటే అయ్యే ఇలాంటి సంఖ్యల్లో, అంటే పాలిండ్రోమ్‌లలో, మరో గుణముంది. అంకెల సంఖ్య సరి అయితే 11 తప్పకుండా భాగిస్తుంది. బేసి స్థానాల్లోని అంకెలే సరి స్థానాల్లోనూ ఉంటాయి కాబట్టి రెండు మొత్తాల తేడా సున్నా; తేడా సున్నా అయితే ఆ సంఖ్యను 11 భాగిస్తుంది. అందుకే అంకెల సంఖ్య సరి అయిన పాలిండ్రోమ్‌లలో ప్రధాన సంఖ్య 11 ఒక్కటే. మహావీరుడి మరో హారం 333333666667 ఇంటూ 33. ముందు 3తో గుణిస్తే 1000001000001, దాన్ని 11తో గుణిస్తే 11000011000011. మొత్తం పద్నాలుగు అంకెలు, సరి సంఖ్యే.