వాన కొలత - బీమా షరతు

కర్నూలు, కడప మెట్టసీమలలో వేరుసెనగ విత్తిన రైతు ఆకాశమును నమ్ముకొన్నవాడు. ఆ నమ్మకము వమ్మైననాడు ఆదుకొనవలసినది బీమా.

సాధారణముగా పంటకోత ప్రయోగములలో తేలిన దిగుబడిని బట్టి నష్టమును లెక్కింతురు. 2003లో మహబూబ్‌నగరు జిల్లాలో వేరుసెనగ, ఆముదము రైతులకు వర్షపాతమును బట్టి చెల్లించు బీమాను ప్రవేశపెట్టిరి. ఈ పద్ధతిలో వానమాపకము చూపిన అంకె ఒప్పందములోని హద్దుకు తగ్గినచో, పొలము చూడకయే సొమ్ము చెల్లింతురు. 2023 నుండి ఫసల్ బీమాలో వరి, గోధుమ దిగుబడి అంచనాకు ఉపగ్రహ చిత్రములును తోడైనవి.

అయితే మన సీమలో ఒక ఊర కురిసిన వాన పక్క ఊర కురియదు. మాపకమున్న చోట జల్లు పడి, చేను ఎండినచో రైతు గతి యేమి? యంత్రము చెడిననాడు ఏ కేంద్రపు లెక్క చెల్లును? ఇవి ఇంజనీరు ఒక్కడే తీర్చగల ప్రశ్నలు కావు. బీమా సంస్థలోని న్యాయశాఖాధిపతి పత్రము వ్రాయునాడే వీనిని తీర్చవలెను. ఏ కేంద్రము, ఏ తేదీలు, ప్రత్యామ్నాయమేది అను మూడును అందు స్పష్టముగా నుండవలెను. బీమా పత్రములో సందిగ్ధమున్నచో దానిని సంస్థకు ప్రతికూలముగా అన్వయింతురని 1966లోనే సుప్రీంకోర్టు చెప్పినది.

కావున శ్రోతలకు మేము చేయు మనవి యొక్కటే: ప్రీమియము కట్టుటకు పూర్వమే, మీ చేనికి సాక్ష్యము చెప్పు వానమాపకము ఏ ఊర నున్నదో అడిగి తెలిసికొనుడు.