చేపలు తేలికే.. తొట్టే బరువు!
నాలుగడుగుల అక్వేరియం 300 కిలోల పైమాటే.. గట్టి చెక్క స్టాండు ఇంట్లోనే చేసుకోవచ్చిలా

తిరువళ్లూరు, తిరుత్తణి: ముందుగదిలో పెద్ద గాజుతొట్టి, అందులో రంగుచేపలు ఉంటే ఇంటికి ఎంత కళో! అరక్కోణం-చెన్నై మార్గంలో లోకల్ రైలెక్కి విల్లివాక్కంలో దిగితే రంగుచేపలకు పేరుమోసిన కొళత్తూరు దగ్గరే. చేపలు కవరులో, తొట్టి వ్యానులో ఇంటికొచ్చేస్తాయి. దాన్ని దేనిమీద పెట్టాలన్న ఆలోచన మాత్రం చివర్లో వస్తుంది. పాత టీవీ బల్ల కనిపిస్తే దానిమీదే పెట్టేస్తారు. అసలు ముప్పు అక్కడే ఉంది.

పన్నెండు బియ్యం బస్తాలు
నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, అంతే ఎత్తున్న తొట్టిని పైన రెండంగుళాలు వదిలి నింపినా 225 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. అంటే 225 కిలోలు. 10 మిల్లీమీటర్ల గాజు మరో 50 కిలోలు, అడుగున గులకరాళ్లు 30 కిలోలు. మొత్తం 300 కిలోలు దాటుతుంది. 25 కిలోల బియ్యం బస్తాలు పన్నెండు ఒకదానిపై ఒకటి పేర్చి, ఏళ్ల తరబడి అలాగే ఉంచినట్టన్నమాట. బల్ల ఒక మూల కాస్త కుంగినా గాజు మెలిపడుతుంది, అతుకు విడుతుంది. పగిలితే నీళ్లు, గాజుపెంకులు ఇల్లంతా పరుచుకుంటాయి. పసిపిల్లలున్న ఇంట్లో చెప్పనక్కర్లేదు.

బరువు స్క్రూ మీద పడకూడదు
ఇంట్లో చేసుకునేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కాళ్ల పక్కన అడ్డచెక్క పెట్టి స్క్రూలు బిగిస్తారు. అప్పుడు మొత్తం బరువు నాలుగు స్క్రూలకే వేలాడుతుంది. అలా కాక, పైచట్రం నేరుగా కాళ్ల నెత్తిన కూర్చోవాలి. కాళ్లు కిందిచట్రం మీద నిలబడాలి. చెక్క మీద చెక్క ఆనాలి, స్క్రూ పని పట్టి ఉంచడమే.

4 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న చెక్కలు సరిపోతాయి. టేకు మేలు. బాగా ఆరిన వేపైనా ఫర్వాలేదు. తమిళ దుకాణంలో 'తేక్కు', 'వేంబు' అని అడగాలి. చట్రాన్ని సరిగ్గా తొట్టి కొలతకే చేయాలి. గాజు అంచులు చట్రం చెక్కల మీదే ఆనాలి. పైచట్రం చెక్కను పడుకోబెట్టకుండా నిలువుగా, అంటే 4 అంగుళాల వైపు ఎత్తుగా వచ్చేలా వాడాలి. అదే చెక్కను పడుకోబెడితే నాలుగు రెట్లు ఎక్కువ వంగుతుంది. నాలుగు మూలల కాళ్లు కాక, ముందూ వెనకా మధ్యలో ఒక్కో కాలు వేస్తే ఇక బెంగ లేదు. ఎత్తు రెండున్నర అడుగులు చాలు.

స్క్రూకు ముందు సన్న రంధ్రం వేస్తే చెక్క చీలదు. అతుకుల్లో తడికి తట్టుకునే జిగురు రాయాలి. వెనకవైపు ప్లైవుడ్ పలక బిగిస్తే స్టాండు పక్కలకు ఊగదు. పైన 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, దానిపై అర అంగుళం థర్మోకోల్ వేసి తొట్టిని కూర్చోబెట్టాలి. పొట్టుతో చేసే పార్టికల్ బోర్డు జోలికి పోవద్దు. తడి తగిలితే ఉబ్బి విడిపోతుంది. చెదలు పట్టకుండా మందు పూసి, ఆరాక రెండు పూతల వార్నిష్ వేయాలి.

నింపే ముందు
రసమట్టం పెట్టి నాలుగు వైపులా చూసుకోవాలి. తమిళంలోనూ దాని పేరు రసమట్టమే. తేడా ఉంటే స్టాండు కింద బద్ద పెట్టి సరిచేయాలి గానీ తొట్టి కింద ఏదీ దూర్చకూడదు. ముందు సగమే నింపి ఒకరోజు వదిలేయాలి. నాలుగు మూలల్లో నీటి మట్టం అంచుకు సమాన దూరంలో ఉంటేనే మిగతాది నింపాలి. చేపలు ఆ తర్వాతే. నీళ్లున్న తొట్టిని ఎప్పుడూ జరపకూడదు.

మేడపై ఉండేవారు గది మధ్యలో పెట్టకుండా, కింద దూలమో గోడో ఉన్న చోట గోడవారగా పెట్టుకోవాలి. ఇళ్ల శ్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల వాడుక బరువు లెక్కన కడతారు. ఈ తొట్టి అర చదరపు మీటరు చోటులోనే 300 కిలోలు మోపుతుంది. పాత ఇల్లయినా, ఇంతకన్నా పెద్ద తొట్టయినా ఇంజినీరును అడగడం మంచిది. అద్దె ఇల్లయితే యజమాని చెవిన వేయాలి.

మోటారు వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకెళ్లేలా ఉండాలి. అప్పుడు వైరు వెంట జారే నీటిచుక్క ప్లగ్గులోకి పోకుండా నేలన పడుతుంది.

కోత, రంధ్రాల పని చేతకానివారు ఈ కొలతలు కాగితంపై గీసి దగ్గర్లోని వడ్రంగికి, అదే ఇక్కడి మాటలో ఆసారికి ఇస్తే సరి. 'బరువు స్క్రూ మీద పడకూడదు' అన్న ఒక్క మాట మాత్రం మరచిపోకుండా చెప్పండి.