బొమ్మ విమానంలో నిజం చెప్పే ముళ్లు

రేడియోతో నడిచే బొమ్మ విమానం పైలట్ గదిలోకి తొంగి చూస్తే ఏం కనిపిస్తుంది? గుప్పెడంత పైలట్ బొమ్మ, దాని ఎదుట అచ్చువేసి అతికించిన కాగితపు మీటర్లు. కొందరు ఔత్సాహికులకు ఈ కాగితంతో తృప్తి లేదు. దాన్ని తీసేసి, నిజంగా పనిచేసే మీటర్లనే అమరుస్తున్నారు.

“నడిపేవాడు రేడియో పెట్టె పట్టుకుని నేలమీద నుంచున్నాడు గదా! ఆకాశంలో ఆ ముళ్లను చూసేదెవరు?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే.

కోటు గుండీ అంత మీటరు

అసలు విమానంలో మీటరు ముఖం సుమారు 80 మిల్లీమీటర్లు. నాలుగోవంతు నమూనాలో అది 20. అంటే కోటు గుండీ అంత!

ఎత్తు చెప్పే మీటరులో గాలి తీసేసిన పలుచని లోహపు డబ్బా ఉంటుంది. పైకి పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి డబ్బా ఉబ్బుతుంది. ఆ ఉబ్బే ముల్లును తిప్పుతుంది. నమూనాలో ఆ పని వడ్లగింజంత సెన్సరుది. నేల దగ్గర ఒక మిల్లీబారు ఒత్తిడి తగ్గాలంటే సుమారు 8 మీటర్లు పైకి పోవాలి. అందులో ఎనిమిదోవంతు తేడానూ అది పసిగడుతుంది. దాని మాట విని చిన్న మోటారు ముల్లును తిప్పుతుంది.

వేగానికి రెక్కనుంచి ముందుకు పొడుచుకువచ్చిన సన్నని గొట్టం. 1732లో హెన్రీ పిటో అనే ఫ్రెంచి ఇంజనీరు నదీ ప్రవాహాన్ని కొలవడానికి కనిపెట్టిన గొట్టమే ఇది!

అబద్ధమాడే లోలకం

విమానం ఎటు ఒరిగిందో చెప్పడానికి బరువు కట్టిన లోలకం చాలదా? చాలదు. సరిగా ఒరిగి మలుపు తిరిగే విమానంలో లోలకం కూడా దానితోపాటే ఒరిగి, “అంతా సమంగానే ఉంది” అంటుంది. మన చెవిలోపలి తూకమూ అలాగే మోసపోతుంది. అందుకే గిర్రున తిరిగే జైరోస్కోపు కావలసివచ్చింది. 1929 సెప్టెంబరు 24న న్యూయార్కు సమీపాన జేమ్స్ డూలిటిల్ తన సీటుమీద ముసుగు కప్పించుకుని, మీటర్లనే నమ్మి విమానం లేపి, పావుగంట తిప్పి, దింపాడు. నేటి నమూనాల్లో ఉండేది సెల్‌ఫోనులో ఉండేలాంటి చిట్టి జైరో.

ఎవరికోసం?

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. ఒక నమూనాకు గంటకు కనీసం 35 కిలోమీటర్ల వేగం కావాలనుకోండి. వెనుకనుంచి 20 కిలోమీటర్ల గాలి వీస్తోంది. కిందనున్నవాడి కంటికి అది 50తో దూసుకుపోతోంది. “అబ్బో, జోరెక్కువైంది” అని ఇంజను తగ్గిస్తాడు. కాని రెక్కలకు తెలిసిన వేగం 30 మాత్రమే! మరుక్షణం విమానం కూలుతుంది. నెలల తరబడి రాత్రుళ్లు మేలుకుని చేసిన పని పుల్లలైపోతుంది.

కంటికి తెలియని ఆ 30 ముల్లుకు తెలుసు. పైలట్ బొమ్మ తలలో చిన్న కెమెరా పెడితే, కిందివాడు కళ్లజోడులో ఆ ముల్లునే చూడవచ్చు. సెన్సరు కొలత రేడియోమీద వచ్చి చెవిలో అంకె చెప్పే ఏర్పాటూ ఉంది.

కాగితపు మీటరు చూసేవారిని మెప్పిస్తుంది. పనిచేసే మీటరు విమానాన్ని ఇంటికి చేరుస్తుంది.