సైకిలుకు విమానయానం

విమానం సైకిలు దుకాణంలో జన్మించిందన్న సంగతి మన విద్యార్థులలో చాలమంది ఎరుగరు. అమెరికాలోని డేటన్ పట్టణంలో సైకిళ్ళు తయారుచేసి, అమ్మి, మరమ్మతు చేసి జీవించిన రైట్ సోదరులు 1903 డిసెంబరు 17వ తేదీన ఎగురవేసిన యంత్రంలో, ఇంజను శక్తిని పంకాలకు అందించినవి పళ్ళచక్రాలు, చైనులే. ఇంతటి దగ్గర బంధుత్వం ఉన్నప్పటికీ సైకిలును విమానంలో క్షేమంగా తీసుకొనిపోవడం ఈనాటికీ కొంత నేర్పు, మరికొంత ఓర్పు కోరే పనియే.

అసలు ఎవరికి ఈ అవసరం? ఉన్నత విద్యకై విదేశాలకు వెళ్ళే విద్యార్థి తన సాధారణమైన సైకిలును వెంట తీసుకొనిపోదలచినచో, ఆ సంకల్పం మానుకొమ్మనియే నా సలహా. మన నల్లని బరువు సైకిలు ఇరవై కిలోల వరకు తూగుతుంది. దానికి చెల్లించే సామాను రుసుముతో అక్కడ వాడిన సైకిలు ఒకటి కొనుక్కోవచ్చును. పందెములకు, దూరయాత్రలకు పోయేవారి విషయం వేరు. వారి సైకిలు వారి ఒంటికి కొలిచి కుట్టిన చొక్కా వంటిది. ఉదాహరణకు, 1891లో ప్రారంభమైన పారిస్-బ్రెస్ట్-పారిస్ యాత్ర నాలుగేండ్లకొకసారి జరుగుతుంది. దాదాపు 1200 కిలోమీటర్ల ఆ దూరాన్ని గరిష్ఠంగా 90 గంటలలో ముగించాలి. అందులో పాల్గొనదలచినవారు అదే సంవత్సరంలో 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు ముందుగా పూర్తిచేసి అర్హత పొందాలి. 2023లో మన దేశం నుండి కూడ పలువురు ఈ యాత్రకు వెళ్ళారు. ఇన్ని నెలల శ్రమ, సెలవులు, అప్పుచేసి తెచ్చిన ధనము అన్నీ, పెట్టె విప్పినప్పుడు కనిపించే ఒక వంగిన లోహపు ముక్క వలన వ్యర్థం కావచ్చును.

ఆ ముక్క పేరు హ్యాంగర్. గేర్లు మార్చే డిరెయిలర్ పరికరాన్ని సైకిలు చట్రానికి వెనుక కుడివైపున పట్టి ఉంచేది అదే. ఎక్కువ సైకిళ్ళలో దానిని మెత్తని అల్యూమినియంతో కావాలనే చేస్తారు. దెబ్బ తగిలినప్పుడు చట్రం విరుగక ఇది వంగాలని ఉద్దేశం. చట్రం బ్రతుకుతుంది కాని గేర్లు సరిగా పడవు. ఇది ఒక్కొక్క సైకిలుకు ఒక్కొక్క ఆకారంలో ఉండటం వలన పరాయి ఊరిలో దొరకడం దుర్లభం. కావున ప్రయాణానికి ముందు డిరెయిలర్‌ను హ్యాంగర్ నుండి మర విప్పి, చైనుతోసహా మెత్తని గుడ్డలో చుట్టి, చట్రపు వెనుక కడ్డీల నడుమ లోపలివైపుకు కట్టివేయాలి. అదనంగా ఒక హ్యాంగర్ జేబులో ఉంచుకొనడం ఇంకా మంచిది. ఈ వ్యాసంలో ఒక్క మాటయే గుర్తుంచుకొనదలచినవారు దీనినే గుర్తుంచుకొందురు గాక.

ఇక పెట్టె సంగతి. గట్టి ప్లాస్టిక్ పెట్టెలు బలమైనవే కాని, వట్టి పెట్టెయే పది కిలోలకు పైగా తూగుతుంది. కొత్త సైకిళ్ళు కర్మాగారం నుండి దుకాణానికి అట్టపెట్టెలలో వస్తాయి. దుకాణదారుని మర్యాదగా అడిగితే వట్టి పెట్టె ఉచితంగానో, స్వల్ప వెలకో లభిస్తుంది. ఇంగ్లండులో యాత్రికులు కొందరు దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతిని పాటిస్తారు. సైకిలును పారదర్శకమైన పెద్ద ప్లాస్టిక్ సంచిలో మాత్రమే పెట్టి అప్పగిస్తారు. లోపల ఉన్నది సైకిలని కంటికి కనిపిస్తే కూలివాడు దానిపై మరొక బరువు వేయడని వారి వాదం. వాదంలో సబబు లేకపోలేదు. అయినను అన్ని విమాన సంస్థలు దీనిని అంగీకరించవు కనుక మనవారికి అట్టపెట్టెయే శరణ్యం.

ముందుగా పెడళ్ళు విప్పాలి. కుడి పెడలు మర మామూలుదే; ఎడమ పెడలుకు మాత్రం మర తలక్రిందులు. మన మెకానిక్కులు ఉల్టా అనేది దీనినే. గడియారపు ముల్లు తిరిగే దిక్కున పానా త్రిప్పితేనే అది ఊడుతుంది. ఈ భేదం తెలియక బలం ప్రయోగించి మరను పాడుచేసుకొన్నవారు కలరు. పిదప ముందు చక్రం తీసి చట్రం ప్రక్కన నిలిపి కట్టాలి. చక్రం లేని ఫోర్కు రెండు కాళ్ళు ప్రక్కనుండి నొక్కుడు పడితే లోపలికి వంగుతాయి కనుక, వాటి మధ్య అడ్డుగా ప్లాస్టిక్ ముక్కను బిగించాలి. కొత్త సైకిళ్ళతో వచ్చే ఆ ముక్కను దుకాణంలో పారవేస్తుంటారు, అడిగి తెచ్చుకోవచ్చును. డిస్కు బ్రేకులు నూనె ఒత్తిడితో పనిచేసేవైతే, వాటి పట్టీల మధ్య కూడ ఒక అట్టముక్క దూర్చాలి. లేనిచో చక్రం లేనప్పుడు ఎవరైనా బ్రేకు నొక్కిన పక్షంలో పట్టీలు దగ్గరకు వచ్చి బిగుసుకొంటాయి. సీటు దించే ముందు దాని కడ్డీపై టేపుతో గుర్తు పెట్టుకొంటే తిరిగి అదే ఎత్తుకు అమర్చడం క్షణంలో పని. హ్యాండిలును విప్పి చట్రానికి సమాంతరంగా కట్టాలి. లోహం లోహాన్ని తాకే ప్రతిచోట నురుగు గొట్టమో, పాత టవలో చుట్టాలి. చక్రపు ఇరుసు కొనలు అట్టను పొడుచుకొని బయటకు వస్తాయి కనుక వాటికి టోపీలు తొడగాలి. విప్పిన ప్రతి బోల్టును ఒక సంచిలో వేసి, ఆ సంచిని చట్రానికే కట్టివేయాలి. పెట్టె అడుగున చిన్న రంధ్రం పడితే మొదట జారిపోయేవి ఇవే.

టైర్లలో గాలి తీయాలా వద్దా అన్నది పెద్ద వివాదం. గాలి తీయకపోతే ఆకాశంలో టైరు పేలిపోతుందని చాలమంది నమ్మకం. దీనిని లెక్కవేసి చూద్దాం. సముద్రమట్టం వద్ద వాయుపీడనం చదరపు అంగుళానికి 14.7 పౌన్లు. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున బయట అది నాలుగోవంతుకు తగ్గుతుంది. కాని ప్రయాణికుల విమానాలలో సామాను గది కూడ పీడనం నిలిపి ఉంచే పొట్టలోనే ఉంటుంది. అక్కడి పీడనం ఎనిమిది వేల అడుగుల కొండపై ఉండే గాలికి, అనగా సుమారు 10.9 పౌన్లకు, తగ్గదు. కావున 80 పౌన్లు నింపిన టైరు నేలపై ఉన్నదానికంటె అదనంగా భరించవలసినది నాలుగు పౌన్లకు లోపే. పూర్తి శూన్యంలో పెట్టినను 95 పౌన్లు దాటదు. కాబట్టి పేలుతుందన్న భయానికి భౌతికశాస్త్రంలో ఆధారం లేదు. పైగా గాలి పూర్తిగా తీసివేస్తే పెట్టె క్రిందపడ్డప్పుడు దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. అయితే కొన్ని సంస్థల నిబంధనలు గాలి తగ్గించమని స్పష్టంగా చెబుతాయి. కౌంటరు వద్ద బాయిల్ సూత్రం బోధించబూనడం సమయోచితం కాదు. సగం గాలి ఉంచి, తగ్గించామని చెబితే ఉభయులకూ తృప్తి.

ప్యాకింగును ఎంత కళాత్మకంగా చేసినను తనిఖీ అధికారులు దానిని విప్పవచ్చునన్నది మరువరాదు. ఇందుకు మరల రైట్ సోదరులే సాక్ష్యం. 1907లో ఓడపై ఫ్రాన్సుకు చేరిన తమ విమానపు పెట్టెలను విల్బర్ రైట్ 1908 జూన్‌లో లె మాన్ పట్టణంలో విప్పి చూడగా, గుడ్డ చినిగి, కర్రలు విరిగి కనిపించాయి. ఇంటివద్ద సర్దిన తమ్ముడు ఆర్విల్‌పై ఆగ్రహించి నిష్ఠూరమైన లేఖ వ్రాశాడు. నిజానికి దోషం హావ్ర్ రేవులోని సుంకపు అధికారులది. వారు విప్పి చూసి, తిరిగి తోచినట్లు కుక్కారు. బాగుచేయడానికి వారాలు పట్టి, ఆగస్టు 8న గాని అతడు ఎగరలేకపోయాడు. కావున మన పెట్టెను ఎవరైనా విప్పి తిరిగి సర్దగలిగేటట్లు ఉంచాలి. ముడులు తక్కువ, సులభంగా విడిపోయే పట్టీలు ఎక్కువ ఉండాలి. సర్దిన తీరు తెలిపే ఫోటో ఒకటి మూత లోపల అంటించితే మేలు.

నిషిద్ధ వస్తువుల విషయం ముఖ్యమైనది. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు పెట్టెలో పెట్టరాదు, చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్-గంటలు దాటినవాటికి సంస్థ అనుమతి కావాలి. 160 దాటితే ప్రయాణికుడు ఏ విధంగానూ తీసుకొనిపోరాదు. విద్యుత్ సైకిళ్ళ బ్యాటరీలు సామాన్యంగా 300 వాట్-గంటలకు పైబడినవే కనుక వాటిని ఇంటనే విడిచిపెట్టాలి. తుప్పు వదలించే స్ప్రే డబ్బాలు పనికిరావు. పానాలు, స్క్రూడ్రైవర్లు మాత్రం దీనికి విరుద్ధంగా పెట్టెలోనే పోవాలి. చేతిసంచిలో ఉంటే భద్రతా తనిఖీలో పోగొట్టుకొంటారు.

సైకిలు పెట్టె సాధారణ సామాను కొలత అయిన 158 సెంటీమీటర్లను ఎలాగూ మించుతుంది. కావున టిక్కెట్టు కొన్న వెంటనే సంస్థకు తెలిపి, అంగీకారాన్ని వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. బరువు 23 కిలోలకు లోబడి ఉంటే అనేక సంస్థలలో రుసుము తక్కువ. 32 కిలోలు మించితే మోసే కార్మికుల నడుముల క్షేమం దృష్ట్యా స్వీకరించనే స్వీకరించరు.

గమ్యం చేరిన పిదప విమానాశ్రయం వీడకముందే పెట్టెను విప్పి పరీక్షించాలి. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే 1999 నాటి మాంట్రియల్ ఒడంబడికలో భారతదేశం 2009లో చేరినది. దాని ప్రకారం దెబ్బతిన్న సామానుపై 7 దినాలలోగా వ్రాతమూలకంగా ఫిర్యాదు చేయాలి. ఆ గడువు మీరితే హక్కు పోయినట్లే. సామానుపై నష్టపరిహారపు పరిమితి 2024 డిసెంబరు 28 నుండి ప్రయాణికునికి 1,519 స్పెషల్ డ్రాయింగ్ రైట్స్, అనగా మన రూపాయలలో లక్షన్నరకు పైబడిన మొత్తం. అంతకంటె విలువైన సైకిలు గలవారు సామాను అప్పగించేటప్పుడే విలువ ప్రకటించి అదనపు రుసుము చెల్లించవచ్చును. కౌంటరు వద్ద పెళుసు సామాను అన్న చీటిపై సంతకం కోరుతారు. సంస్థ బాధ్యతను తగ్గించే షరతులు దానిపై ఉంటాయి కనుక చదివి మరీ సంతకం చేయాలి. పెట్టె మూసేముందు, తెరచిన వెంటనే తీసిన ఫోటోలు ఫిర్యాదుకు ప్రధానమైన ఆధారాలవుతాయి.