ఊరి నీళ్లకు కెమెరా కన్ను

పిల్లలూ! మీ ఊళ్లో ఎవరినైనా "ఈ ఏడు బావిలో నీళ్లెలా ఉన్నాయి?" అని అడిగి చూడండి. "పోయినేటికంటే తగ్గాయి" అంటారు. "ఎంత తగ్గాయి?" అని మళ్లీ అడగండి. ఒకరు బారెడంటారు, ఇంకొకరు రెండు బారలంటారు. జ్ఞాపకం మంచిదే కాని, అది కొలబద్ద కాదు. మనిషి మాటనూ, కొలతనూ ఒకచోట చేర్చి ఊరందరికీ చూపించగల సాధనం ఒకటుంది. అదే వీడియో.

సినిమా అనగానే మనకు స్టూడియోలు, నటులు గుర్తుకొస్తారు. కాని సామాన్యులు తమ సమస్యను తెరమీద తామే చూసుకొని, చర్చించుకొనే పద్ధతి కూడా ఉంది. 1967లో కెనడా తూర్పు తీరాన ఫోగో అనే దీవిలో ఇది జరిగింది. అక్కడి జాలరులను వేరేచోటికి తరలించాలన్న ఆలోచన అప్పటి ప్రభుత్వానికి ఉండేది. కోలిన్ లో అనే దర్శకుడు దీవివాసుల మాటలను ఇరవైకి పైగా చిన్న చిత్రాలుగా తీసి, ముందు వాళ్లకే చూపించాడు. ఒక పల్లెవారి మాట మరో పల్లెవారు విన్నారు. అందరి బాధా ఒక్కటేనని తెలిసింది. తరువాత ప్రభుత్వంలోని వారూ చూశారు. జాలరులు సహకార సంఘం పెట్టుకున్నారు. దీవి ఖాళీ కాలేదు.

అది ఫిల్ము. దాన్ని లాబొరేటరీలో కడిగితే గాని బొమ్మ కనిపించదు. ఆ తరువాత వచ్చిన వీడియో టేపు అలా కాదు. దానిమీద ఐరన్ ఆక్సైడు వంటి పదార్థపు పూత ఉంటుంది. కెమెరాలో కాంతివల్ల పుట్టిన విద్యుత్ సంకేతం ఆ పూతలోని రేణువులను అయస్కాంతాలుగా మారుస్తుంది. టేపు వెనక్కి తిప్పితే చాలు, అక్కడికక్కడే బొమ్మ చూడవచ్చు. నేటి సెల్‌ఫోనులో టేపు కూడా అక్కరలేదు. కాంతి ఒక చిన్న సిలికాన్ బిళ్ల మీద పడి, విద్యుదావేశంగా, ఆపైన అంకెలుగా మారి నిలిచిపోతుంది.

మన దేశంలో 1984లో అహ్మదాబాదులోని 'సేవ' సంఘం మహిళలు వీడియో తీయడం నేర్చుకున్నారు. వారిలో చదువురాని వారూ ఉన్నారు. మన తెలుగునేల మీద జహీరాబాదు దగ్గరి పస్తాపూర్‌లో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళా రైతులు కెమెరా పట్టి విత్తనాల మీద, సేద్యం మీద చిత్రాలు తీశారు. ఎదుటి మనిషి కళ్లకు సమానమైన ఎత్తులో తీసే దృశ్యానికి వారు పెట్టుకున్న పేరు "సంఘం షాట్". సంఘంలో అందరూ సమానంగానే కూర్చుంటారు కదా!

కెమెరాకు కనిపించనిది

అయితే కెమెరాకు అన్నీ కనిపించవు. ఎండిన చెరువు కనిపిస్తుంది. నీటిలో కరిగిన ఫ్లోరైడు కనిపించదు. అది కొన్ని రాళ్లలోని ఖనిజాలనుంచి భూగర్భజలంలోకి చేరుతుంది. ఆ నీరు తేటగానే ఉంటుంది. రంగూ రాదు, వాసనా రాదు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాముకు మించకూడదనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చనీ మన దేశ ప్రమాణం. ఎక్కువైతే పళ్లమీద మచ్చలు వస్తాయి. ఏళ్లతరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. నల్గొండ జిల్లా ప్రజలకు ఈ బాధ తరతరాలుగా తెలుసు.

కొన్నేళ్ల క్రితం మా తొమ్మిదో తరగతి పిల్లలు ఊరి బోరింగుల మీద ఒక చిన్న చిత్రం తీశారు. ప్రతి బోరింగు నీటినీ పరీక్షనాళికలో పోసి, జిర్కోనియం - అలిజరిన్ ద్రావణం కలిపారు. ఫ్లోరైడు ఉంటే అది జిర్కోనియంను తనవైపు లాక్కుంటుంది. అప్పుడు ఎర్రరంగు తగ్గి పసుపు తేలుతుంది. బడి వీధి బోరింగు నీరు పసుపుపచ్చగా మారింది. చెరువుకట్ట కింది బోరింగు నీరు మాత్రం ఎర్రగానే నిలిచింది. కంటికి కనిపించనిది ఇప్పుడు కెమెరాకు కూడా కనిపించింది!

కాళ్లు వంగిన ఒక పెద్దాయన, "నా కాళ్లు తీయకండిరా అయ్యా, నా మాట తీసుకోండి" అన్నాడు. పిల్లలు ఆయన ముఖాన్ని, మాటను మాత్రమే తీశారు. ఒక అవ్వ, "మేం కాచి చల్లార్చి తాగుతాం, మాకేం భయం?" అంది.

చిత్రం చూపిన రాత్రి అవ్వ మాటకు చాలామంది తల ఊపారు. అప్పుడొక అమ్మాయి లేచి, "అవ్వా, ఉప్పునీళ్లు కాస్తే ఉప్పు పోతుందా?" అని అడిగింది. అవ్వ కాసేపు ఆలోచించి, "పోదు. ఇంకా చిక్కనవుతుంది" అంది. అంతే! కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గాని ఫ్లోరైడు పోదని ఊరికి అవ్వే చెప్పినట్లయింది. ఆ నెలనుంచి చాలా ఇళ్లవాళ్లు తాగడానికి, వంటకు కట్ట కింది నీళ్లే తెచ్చుకుంటున్నారు. బడి వీధి బోరింగు బట్టలకు, గిన్నెలకు మిగిలింది. కాని బిందెలు మోసే దూరం పెరిగింది. ఆ మోతను అడుగులతో సహా లెక్కపెట్టి పిల్లలు రెండో చిత్రం తీసి పంచాయతీ సభలో చూపించారు.

మీరూ చేసి చూడండి

1. పెద్దవాళ్ల తోడుతో ఒక బావిని ఎంచుకోండి. తాడుకు రాయి కట్టి, మీటరుకొక ముడి వేయండి. తాడును పెద్దవాళ్లనే దింపమనండి. మీరు బావిలోకి వంగవద్దు.
2. బావి గట్టునుంచి నీటిమట్టం వరకు ఎంత లోతో ప్రతినెలా ఒకే తేదీన కొలిచి, ఆ కొలతను వీడియో తీయండి. తేదీని కూడా గట్టిగా చెప్పండి.
3. ఎవరిని తీసినా ముందు అనుమతి అడగండి. తీసింది మొదట వారికే చూపించండి. వద్దంటే తీసేయండి.
4. చిత్రం పూర్తయ్యాక ఊరివారిని పిలిచి చూపించండి. చూపించడంతో ఆపకండి. "ఇప్పుడేం చేద్దాం?" అని అడగండి.

వచ్చే ఏడు ఎవరైనా "బావిలో నీళ్లెంత తగ్గాయి?" అని అడిగితే, మీ ఊళ్లో చేతులు చాచి చూపే అవసరం ఉండదు. మీ దగ్గర పన్నెండు నెలల కొలతలు ఉంటాయి.